మా చెరోకీ నేలకు దిగిన రెండేళ్లు

2023 ఆగస్టు 19

బండి ఇంటికి చేరింది. 1998 మోడల్ జీప్ చెరోకీ, రెండు డోర్లది. పెట్టెలా ఉండే ఈ బాడీని జీప్ అభిమానులు ఎక్స్‌జే అంటారు. డెంటన్ అవతల ఒక పాత కొట్టంలో ఏడేళ్లుగా కదలకుండా నిలబడి ఉంది. 2,400 డాలర్లు ఇచ్చాను. టైర్లలో గాలి లేదు, సీటు కింద ఎలుక గూడు ఉంది, కానీ అడుగున తుప్పు లేదు. టెక్సాస్ ఎండ పెయింటును తినేస్తుంది గానీ ఇనుము జోలికి పోదు. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి ఎక్స్‌జేలు అడుగు నుంచే కుళ్లిపోతాయి.

ఇది టూ వీల్ డ్రైవ్. రాళ్లూ గుట్టలూ ఎక్కించేవాళ్లు దీని వైపు చూడరు, ఇంత తక్కువకు దొరకడానికి కారణం అదే. దీన్ని కిందికి దించి, బలమైన ఇంజన్ పెట్టి, రేస్ ట్రాక్ మీద నడపాలని నా ఆలోచన, కాబట్టి నాకు సరిగ్గా ఇదే కావాలి. ఫోర్ వీల్ డ్రైవ్ చెరోకీలో ముందు ఇరుసుకు ఒక పక్కన డిఫరెన్షియల్ గుండు, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లున్న గుండు, ఉంటుంది. బండిని కిందికి దించితే ఆ గుండు ఇంజన్ అడుగుకు దగ్గరై ఆయిల్ పాన్‌ను తన్నుతుంది. టూ వీల్ డ్రైవ్ బండిలో అక్కడ ఉండేది ఒట్టి బోలు గొట్టం. ఇంజన్ కింద ఖాళీ మిగులుతుంది, బరువూ తగ్గుతుంది.

ఎత్తైన బండికి బలమైన ఇంజన్ పెట్టి రోడ్డుకు దించడం కొత్త ఆలోచన కాదు. 1992, 1993లలో జీఎంసీ టైఫూన్ 280 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2006లో గ్రాండ్ చెరోకీ ఎస్ఆర్‌టీ8 420తో, 2018లో అదే గ్రాండ్ చెరోకీ ట్రాక్‌హాక్ పేరుతో ఏకంగా 707తో వచ్చాయి. కానీ ట్రాక్‌హాక్ బరువు 5,300 పౌండ్లు దాటుతుంది. ఎక్స్‌జే దాదాపు 3,000 పౌండ్లు. దీన్ని రూపొందించినప్పుడు జీప్ ఏఎంసీ అనే కంపెనీ చేతిలో ఉండేది, ఏఎంసీకి ఫ్రెంచి కంపెనీ రెనోతో పొత్తు ఉండేది. ఆ రోజుల్లో ఏఎంసీ ఇంజనీరింగ్‌ను నడిపిన ఫ్రాంస్వా కాస్టైంగ్ అంతకుముందు రెనో రేసింగ్ విభాగంలో పనిచేసినవాడు. ఛాసిస్ వేరు, బాడీ వేరు అనే పాత పద్ధతి వదిలేసి రెండింటినీ ఒకటిగా వెల్డింగ్ చేసిన బండి ఇది. తేలిక అక్కడినుంచి వచ్చింది. ముందు వైపు దీని సస్పెన్షనే ఉన్న జీప్ కొమాంచీ పికప్‌లను 1980ల చివర్లో రేసర్లు ఆర్చర్ సోదరులు రేస్‌ట్రక్ ఛాలెంజ్ అనే పికప్‌ల పోటీలో, మలుపులున్న రేస్ ట్రాకుల మీద నడిపారు. ముందు గొట్టం ఇరుసుతో మలుపులు తిరగడం కుదరదని ఎవరైనా అంటే నాకు ఆ బండ్లే గుర్తొస్తాయి.

నేను రాసి పెట్టుకున్న లక్ష్యం ఇది. వారంలో ఆఫీసుకు, నెలకోసారి రేస్ ట్రాక్‌కు. ట్రెయిలర్ వద్దు. నడిపించుకుంటూ వెళ్లి నడిపించుకుంటూ రావాలి. 24 ఏళ్లు దాటిన బండ్లకు టెక్సాస్‌లో పొగ పరీక్ష లేదు, 1998 మోడల్ వెతకడానికి అదీ ఒక కారణం.

2023 సెప్టెంబర్ 10

పానా పట్టుకోకముందే కొలత తీయాలనుకున్నాను. గరిమనాభి, అంటే బరువంతా ఒక్క చోట ఉందనుకుంటే ఆ చోటు, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? బండి ఎంత దించావని అడిగితే అందరూ ఫెండర్, అంటే మడ్‌గార్డ్, దగ్గర టేపు పెట్టి చెబుతారు. మలుపులో బండిని పక్కకు పడదోసేది ఫెండర్ ఎత్తు కాదు, ఈ గరిమనాభి ఎత్తు.

కొలిచే పద్ధతి కష్టమైంది కాదు గానీ ఓపిక కావాలి. షాకబ్సర్లు విప్పేసి వాటి స్థానంలో ఇనుప పట్టీలు బిగించాం, సస్పెన్షన్ కదలకుండా. నాలుగు చక్రాల కింద అద్దెకు తెచ్చిన తూకం పలకలు. తర్వాత వెనక చక్రాలను 24 అంగుళాలు పైకి లేపాం. బండి ముందుకు వాలగానే ముందు ఇరుసు మీద కొంత బరువు పెరుగుతుంది. ఎంత పెరిగిందో దాన్నిబట్టి ఎత్తు లెక్క కట్టవచ్చు. మా బావమరిది పలకల దగ్గర కూర్చుని అంకెలు చదివాడు.

"బావా, తొంభై ఒకటి పెరిగింది. మళ్లీ చూడమంటావా?"

మూడుసార్లు చూశాం. 89, 91, 91. మొత్తం బరువు 3,050 పౌండ్లు, ఇరుసుల మధ్య దూరం 101.4 అంగుళాలు. లెక్క వేస్తే గరిమనాభి 25.8 అంగుళాల ఎత్తులో ఉంది. చక్రాల మధ్య వెడల్పు 58 అంగుళాలు. వెడల్పును ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకెను అమెరికా రోడ్డు భద్రతా సంస్థ బండి బోల్తా పడే గుణానికి కొలతగా వాడుతుంది. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 దాకా, ఎస్‌యూవీలకు, పికప్‌లకు 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది. మాది 1.12. ఎవరి బండి వాళ్లు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుల్ని ట్రాక్ డేలంటారు. ఎత్తైన బండ్లను చాలా ట్రాక్ డేలకు రానివ్వరు, అది న్యాయమే. కాబట్టి హార్స్‌పవర్ కంటే ముందు గోడ మీద పెద్దగా రాసుకున్న అంకె 1.12. దాన్ని 1.35 దాటించాలి.

2024 ఫిబ్రవరి 17

ఇంజన్ పని అయిపోయింది. మూడు నెలల పనిని కొద్ది మాటల్లో తేల్చేస్తున్నాను, ఎందుకంటే ఈ మొత్తం ప్రాజెక్టులో తేలికైన భాగం ఇదే. షెవర్లే కంపెనీ ఎల్ఎస్3 ఇంజన్, 6.2 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, యాక్సిడెంట్ అయిన 2011 కమారో కారు నుంచి వచ్చింది. కమారోలో ఉన్నప్పుడు దాని బలం 426 హార్స్‌పవర్. అల్యూమినియం బ్లాక్ కాబట్టి పాత 4.0 లీటర్ల ఇనుప ఇంజన్ ఎంత బరువో ఇదీ దాదాపు అంతే, ముక్కు బరువెక్కలేదు. ఇంజన్ మౌంట్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, వైరింగ్ అన్నీ ఈ మార్పిడి కోసమే తయారుగా దొరుకుతాయి. ట్రెమెక్ ఆరు గేర్ల బాక్స్ పట్టడానికి మధ్య టన్నెల్ కోసి వెడల్పు చేశాను. వెనక 1990ల రెండో సగంలో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి 8.8 అనే ఇరుసు, 3.73 రేషియోది, అంటే డ్రైవ్ షాఫ్ట్ 3.73 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఎక్స్‌జే చక్రాల బోల్టుల కొలతే దానికీ ఉంది, పైగా డిస్క్ బ్రేకులతో వస్తుంది. బలమైన ఇంజన్ పెట్టిన ఎక్స్‌జేల కింద చాలా తరచుగా కనిపించేది అందుకే.

ఆలస్యమైంది ఒక్క డ్రైవ్ షాఫ్ట్ దగ్గర, అంటే గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుకు బలం మోసే రాడ్ దగ్గర. చేసిచ్చిన షాపు అంగుళం ఎక్కువ పొడవుతో ఇచ్చింది, మూడు వారాలు పోయాయి. అప్పటినుంచి కొలత రాసిన కాగితంతో పాటు, టేపు పట్టుకున్న ఫోటో కూడా ఇస్తున్నాను.

వేడి గురించి ఒక మాట. ఎక్స్‌జే ముఖం వెడల్పే గానీ రేడియేటర్ పట్టే చోటు ఎత్తు తక్కువ. ఆగస్టులో 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఎల్ఎస్3 చల్లబడాలంటే గ్రిల్ గుండా వచ్చిన గాలి అంతా రేడియేటర్ గుండానే పోవాలి. చుట్టూ ఉన్న సందులన్నీ రేకుతో మూసేశాను. కొత్త ఫ్యాన్ల కంటే ఆ రేకులే ఎక్కువ మేలు చేశాయి.

ఇవాళ పొద్దున ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో వాహన పూజ. పంతులుగారు బానెట్ మీద పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, "స్టార్ట్ చేసి ముందుకు పోనివ్వండి నాయనా" అన్నారు. క్లచ్ వదిలేటప్పుడు కాలు వణికింది. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చితికిన చప్పుడు ఇంజన్ మోత మధ్య కూడా వినిపించింది.

2024 మార్చి 23

వెనక కమాన్ కట్టలతో, అంటే ఉక్కు ఆకులు పేర్చి కట్టిన స్ప్రింగులతో, తంటా మొదలైంది.

ఎక్స్‌జేలో కమాన్ కట్ట ఇరుసు పైన కూర్చుంటుంది. దాన్ని ఇరుసు కిందికి మారిస్తే బండి వెనక భాగం దాదాపు 5 అంగుళాలు దిగుతుంది. నాకు కావలసింది 3.5. కట్టలో ఒక వంపు ఆకు అదనంగా వేసి లేపాను. చూడటానికి బండి అద్భుతంగా కూర్చుంది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

రెండో గేరులో గట్టిగా తొక్కగానే వెనక నుంచి దడదడమని చప్పుడు. బండి మొత్తం ఊగిపోయింది. కాలు తీసేశాను. కింద దూరి చూస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ పైన ఫ్లోర్ రేకుకు కొత్తగా నొక్కు పడి ఉంది. అంటే డిఫరెన్షియల్ ముక్కు అంత పైకి లేచింది.

మా పెదనాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు కమాన్ కట్టలు కట్టినాయన. ఇప్పుడు చేయడం లేదు గానీ ఆ కళ్లు అలాగే ఉన్నాయి. ఆయనకు వీడియో కాల్ చేసి ఫోన్‌ను వెనక చక్రం పక్కన నేల మీద ఆనించాను. కట్ట పొడవునా సుద్దతో తిన్నగా ఒక గీత గీశాను. బావమరిది బ్రేకు మీద నిలబెట్టి మెల్లగా క్లచ్ వదిలాడు. సుద్ద గీత మా కళ్ల ముందే వంకర తిరిగింది. ఇరుసుకు ముందున్న సగం పైకి, వెనకున్న సగం కిందికి.

"కట్ట పాములా మెలిక తిరుగుతోందిరా" అన్నారు పెదనాన్న. "బరువు మోసేదీ అదే, ఇరుసును తిరక్కుండా పట్టుకునేదీ అదే. రెండు పనులూ దాని చేతే చేయిస్తున్నావు. లారీకి నడుస్తుంది. లారీ నీలాగా ఎగిరి పడదు కదా."

"మరి ఏం చెయ్యమంటారు పెదనాన్నా?"

"మోసేదాన్ని మొయ్యనీ. పట్టుకోడానికి వేరేది పెట్టు."

రాత్రి లెక్క వేశాను. ఇంజన్ ఇచ్చే 420 ఫుట్‌పౌండ్ల టార్క్, అంటే తిప్పే బలం, మొదటి గేరులో 2.66 రెట్లు, డిఫరెన్షియల్‌లో మళ్లీ 3.73 రెట్లు. ఇరుసు దగ్గరికి వచ్చేసరికి 4,100 ఫుట్‌పౌండ్లు దాటుతోంది. దానికి ఎదురు తిరిగే బలమంతా ఆ నాలుగు ఆకుల మీద పడుతోంది. మెలిక తిరగడం, వెనక్కి కొట్టడం, చక్రం పట్టు వదలడం, మళ్లీ పట్టడం. దడదడ అంటే అదే.

2024 జూలై 6

కమాన్ కట్టలు పోయాయి. పెదనాన్న చెప్పినట్టే బరువు మోయడానికి కాయిల్ స్ప్రింగులు, ఇరుసును పట్టుకోవడానికి మూడు రాడ్లు. రెండు కింద, ఒకటి పైన. పక్కకు జరగకుండా వాట్స్ లింక్. జేమ్స్ వాట్ 1784లో ఆవిరి ఇంజన్ రాడ్ తిన్నగా పైకీ కిందికీ కదలాలని కనిపెట్టిన అమరిక ఇది. మధ్యలో తిరిగే చిన్న ముక్క, దానికి రెండు పక్కల రెండు రాడ్లు. ఇరుసు ఎంత పైకి లేచినా అంగుళంలో పదో వంతు కూడా పక్కకు జరగడం లేదు. జాకీ పెట్టి చూశాను.

అసలు కష్టం రాడ్లది కాదు, వాటిని బిగించే చోటుది. ఛాసిస్ లేని బండి కదా, ఉన్నదంతా పల్చటి రేకు మడతలు. పన్నెండేళ్ల పిల్లాడి చేతికి లారీ మోకు కట్టినట్టు అవుతుందని ముందు నుంచి వెనక దాకా రెండు వైపులా అడుగున ఉక్కు పట్టీలు వేసి వెల్డింగ్ చేశాను. ఒకే చోట ఎక్కువసేపు వెల్డింగ్ చేస్తే రేకు వేడికి వంగిపోతుంది. అందుకని రెండు అంగుళాలు ఇక్కడ, రెండు అంగుళాలు అవతలి చివర, మళ్లీ మధ్యలో. ఒక్కో వైపు నాలుగు శనివారాలు పట్టింది. పని అయ్యాక డోర్లు మూసిన చప్పుడే మారిపోయింది. టప్‌మని కాక, ధబ్‌మని.

రెండో గేరులో నిండుగా తొక్కాను. బండి వెనక కొద్దిగా కూర్చుని, ముందుకు దూకింది. ఇంకేం చప్పుడు లేదు.

2024 సెప్టెంబర్ 14

ముందు వైపు. పొట్టి స్ప్రింగులు, అసలు వాటికంటే రెట్టింపు గట్టివి. బండి 3.5 అంగుళాలు దిగింది. టైర్లు 275/40 ఆర్17, పాత వాటికంటే చిన్నవి కాబట్టి ఇంకో అంగుళం.

స్ప్రింగు మార్చగానే బండి దిగుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ముందు ఇరుసును పట్టుకునే ఆర్మ్‌ల వెనక కొన బాడీకి, ముందు కొన ఇరుసుకు బిగించి ఉంటాయి. బండి దిగినప్పుడు బాడీ వైపు కొన కిందికి వస్తుంది, ఇరుసు వైపు కొన ఎక్కడిది అక్కడే. ఆర్మ్‌లు ఇరుసు వైపు ఎత్తుగా వాలిపోతాయి. అలా వాలితే బ్రేకు వేసినప్పుడు ఆ బలమే ముక్కును ఇంకా కిందికి లాగుతుంది. బండిని ఎత్తు చేసేవాళ్లకు దీనికి ఉల్టా సమస్య, వాళ్ల కోసం ఆర్మ్‌ల మూలాన్ని కిందికి దించే బ్రాకెట్లు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. పైకి జరిపే బ్రాకెట్లు ఎవరూ అమ్మరు. నేనే కోసి, వంచి, ఫ్లోర్‌లోకి 2.5 అంగుళాలు పైకి జరిపి వెల్డింగ్ చేశాను. ఆర్మ్‌లు మళ్లీ నేలకు సమాంతరంగా వచ్చాయి.

ఇంకొకటి. ముందు ఇరుసు పక్కకు జరగకుండా ట్రాక్ బార్ అని ఒక రాడ్ ఉంటుంది. డ్రైవర్ వైపు బాడీకి, అవతలి వైపు ఇరుసుకు. బండి దిగాక ఆ రాడ్ బల్లపరుపు అయ్యి, ఇరుసును కుడివైపుకు నెట్టింది. టేపు పెడితే 8 మిల్లీమీటర్లు. పొడవు మార్చుకునే రాడ్ వేసి సరిచేశాను.

2024 నవంబర్ 9

ఈ ఎంట్రీ జాగ్రత్తగా రాస్తున్నాను, ఇలాంటి బండి చేసే ఎవరికైనా ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

426 హార్స్‌పవర్‌కు ఎక్స్‌జే బ్రేకులు చాలవు. 1999 నుంచి 2004 దాకా వచ్చిన గ్రాండ్ చెరోకీ నకిల్‌లు, అంటే చక్రాన్ని ఇరుసుకు కలిపే ముక్కలు, దీనికి పడతాయి. వాటితో పెద్ద రోటార్లు, అంటే బ్రేకు పళ్లేలు, వాటిని నొక్కి పట్టే రెండేసి పిస్టన్ల క్యాలిపర్లు వస్తాయి. రోటార్లకు కొత్త రంధ్రాలు వేయించి బిగించాను. బ్రేకులు గోడకు గుద్దినట్టు పట్టాయి. ఆనందంగా హైవే 380 ఎక్కాను.

గంటకు 60 మైళ్ల వేగంలో రోడ్డు మీద చిన్న పల్లం. రెండు చేతులూ స్టీరింగ్ మీద తిన్నగా ఉన్నాయి. బండి తనంతట తాను ఎడమ లేన్‌లోకి తిరిగింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అరచేతులు తడిసిపోయాయి. మిగతా దారంతా 40 దాటకుండా ఇంటికి తెచ్చి గ్యారేజీలో పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ముందు స్ప్రింగులు తీసేశాం. స్టీరింగ్‌ను సీటుకు తాడుతో కట్టేశాం, కదలకుండా. కుడి హబ్‌కు లేజర్ పాయింటర్ బిగించి, పన్నెండు అడుగుల దూరంలో గ్యారేజీ గోడ మీద ఎర్రచుక్క పడేలా పెట్టాను. చుక్క పడ్డచోట పెన్సిల్‌తో గుర్తు. ఇప్పుడు బావమరిది జాకీతో ఇరుసును అర అంగుళం చొప్పున లేపుతూ వచ్చాడు. చక్రం పైకి లేస్తే చుక్క తిన్నగా పైకి పోవాలి. మొదటి అర అంగుళానికే ఎడమకు జరిగింది. ఇంకో అర అంగుళం, ఇంకా ఎడమకు. రెండు అంగుళాలు లేపేసరికి గోడ మీద నా పెన్సిల్ గుర్తులు మెట్లలా ఏటవాలుగా ఉన్నాయి. మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా అడ్డంగా కొలిస్తే దాదాపు 6 అంగుళాలు.

"బావా, స్టీరింగ్ కట్టేసే ఉంది కదా?" అని అడిగాడు. లేచి వెళ్లి తాడు లాగి చూశాను. కట్టేసే ఉంది.

6 అంగుళాలంటే చక్రం రెండు డిగ్రీలకు పైగా తిరిగిందని లెక్క. ఎవరూ తిప్పకుండానే.

కారణం బ్రేకులతో వచ్చిన నకిల్. స్టీరింగ్ బాక్స్ నుంచి కుడి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్‌ను అది పాత నకిల్ కంటే చాలా పైన పట్టుకుంటుంది. ఎత్తు పెంచిన జీపులకు అది వరం. దించిన బండికి డ్రాగ్ లింక్ ఉల్టా వాలిపోయింది, చక్రం వైపు 5 డిగ్రీలు పైకి. ట్రాక్ బార్ మాత్రం 2 డిగ్రీలు కిందికి. ఈ రెండు రాడ్లూ జోడెడ్ల లాంటివి. ఒకే వాలులో ఉంటే ఇరుసు పైకి లేచినప్పుడు రెండూ కలిసి కదులుతాయి, చక్రం తిన్నగా ఉంటుంది. ఒకటి ఒక దారి, ఇంకోటి ఇంకో దారి పడితే ఆ తేడా అంతా చక్రం మీద పడుతుంది. బ్రేకు మార్చి స్టీరింగ్ పాడుచేసుకున్నాను. ఆ రోడ్డు మీద పక్కన ఒక కుటుంబం ఉండి ఉంటే అన్న మాట ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

2025 జనవరి 18

రెండు మార్పులు. స్టీరింగ్ బాక్స్ కింద ఉండే పిట్‌మ్యాన్ ఆర్మ్‌ను వంపు తక్కువ ఉన్నదానితో మార్చాను. డ్రాగ్ లింక్ లోపలి కొన అంగుళంపావు పైకి లేచి, వాలు 3 డిగ్రీలకు తగ్గింది. ట్రాక్ బార్ ఇరుసు వైపు మూలాన్ని కొత్త బ్రాకెట్‌తో 3 అంగుళాలు పైకి పెట్టాను, అదీ 3 డిగ్రీలకు వచ్చింది. ఈ బ్రాకెట్ మీద మలుపులో పడే పక్క ఒత్తిడి అంతా ఇంతా కాదు. పావు అంగుళం మందం పలక, ఇరుసు గొట్టం చుట్టూ సగం దాకా వెల్డింగ్, వెనక నుంచి ఒక ఊత. దానివల్ల ఇంకో మేలు జరిగింది. బార్ పైకి పోయింది కాబట్టి బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ కూడా అంగుళంన్నర లేచింది. గరిమనాభి ఆ బిందువుకు ఎంత దగ్గరైతే ఒరగడం అంత తక్కువ.

మళ్లీ అదే లేజర్, అదే గోడ, అదే జాకీ. రెండు అంగుళాలు లేపితే చుక్క పక్కకు జరిగింది అర అంగుళం. బావమరిది జాకీ వదిలేసి చప్పట్లు కొట్టాడు.

2025 ఫిబ్రవరి 22

ఎక్స్‌జేలో స్టీరింగ్ బాక్స్ బిగించే చోట బాడీ చీలుతుందని అందరికీ తెలిసిన సంగతే. మాది ఇంకా చీలలేదనుకున్నాను. కంటికి ఏమీ కనబడలేదు. అయినా పెయింట్ గీకేసి, డై పెనెట్రెంట్ పూశాను. ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లటి పొడి స్ప్రే చేస్తే పగుళ్లలో దాక్కున్న ఎరుపు పైకి వస్తుంది. రెండు నిమిషాలకు తెల్లటి పొడి మీద వెంట్రుక అంత సన్నగా ఒక ఎర్ర గీత తేలింది. కింది బోల్టు రంధ్రం నుంచి ముప్పావు అంగుళం. చివర చిన్న రంధ్రం వేసి పగులు పాకకుండా ఆపి, వెల్డింగ్ చేసి, లోపలా బయటా పలకలు వేశాను. అవతలి పక్క బాడీ దూలానికి కూడా కలిపి ఒక అడ్డకమ్మీ పెట్టాను.

వెడల్పు టైర్లు, బలమైన బ్రేకులు వచ్చాక ఈ చోటు మీద పడే బరువు కంపెనీ వాళ్లు అనుకున్నదానికి ఎన్నో రెట్లు. ప్రతి ట్రాక్ రోజు తర్వాత ఇక్కడ టార్చి వేసి చూడటం నా లిస్టులో మొదటి పని.

2025 ఏప్రిల్ 12

మళ్లీ తూకం. అదే పద్ధతి, 24 అంగుళాలు. ఈసారి ముందుకు వచ్చిన బరువు 74 పౌండ్లే. బండి మొత్తం 3,240 పౌండ్లు, పెరిగినదాంట్లో రోల్ కేజ్, అంటే బోల్తా పడితే కాపాడే గొట్టాల పంజరం, బరువే ఎక్కువ. గరిమనాభి 21.9 అంగుళాలు. చక్రాల వెడల్పు ఇప్పుడు 61. భాగిస్తే 1.39. గోడ మీద 1.12 కింద రాశాను.

2025 ఏప్రిల్ 27

క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్, 1.7 మైళ్ల ట్రాక్, కొత్తవాళ్ల గ్రూపు. తనిఖీ చేసే ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. జీపు ఎందుకు తెచ్చావని ఆయన అడగలేదు, నా దగ్గరున్న కొలతల కాగితం అడిగాడు. చదివాడు, కింద పడుకుని ట్రాక్ బార్ బ్రాకెట్ చూశాడు, స్టికర్ అతికించాడు.

మొదటి సెషన్ అంతా 70 శాతంలోనే. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్. రెండో సెషన్‌లో పొడవైన మలుపు మధ్యలో ట్రాక్ మీద ఒక అతుకు ఉంది. దాన్ని దాటేటప్పుడు ఒళ్లంతా బిగబట్టాను, హైవే 380 పల్లం గుర్తొచ్చి. ముందు చక్రాలు లేచి పడ్డాయి. స్టీరింగ్ చేతిలో కదల్లేదు. బండి గీసిన గీత మీదే ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌కు అదేం విశేషంగా కనబడలేదు, ఎక్కడ చూడాలో చెబుతూ పోయాడు. నాకు మాత్రం అక్కడ కళ్లలో నీళ్లు తిరిగాయి, హెల్మెట్ లోపల.

లోపాలూ కనబడ్డాయి. నాలుగో ల్యాప్ నుంచి ముందు భాగం మలుపు బయటికి జారడం మొదలుపెట్టింది. పిట్‌లోకి, అంటే బండ్లు ఆగే చోటికి, రాగానే టైరు వేడి కొలిచాను. ముందు ఎడమ టైరు బయటి అంచు 198 డిగ్రీల ఫారెన్‌హీట్, మధ్యలో 181, లోపలి అంచు 165. టైరు బయటి అంచు మీదే నిలబడి పనిచేస్తోందన్న మాట. గొట్టం ఇరుసుకు క్యాంబర్ ఉండదు, చక్రాలు నిట్టనిలువుగా నిలబడతాయి. మలుపులో పైభాగం బయటికి వాలిపోతుంది.

2025 జూన్ 15

ఇక్కడ టూ వీల్ డ్రైవ్ ఇరుసు మళ్లీ కలిసొచ్చింది. లోపల తిరిగే షాఫ్ట్ లేదు కాబట్టి నకిల్‌ను వంచినా దేనికీ ఇబ్బంది లేదు. నకిల్ తిరిగే కీళ్లైన బాల్ జాయింట్లలో పైవాటి బదులు, మధ్య బిందువు పక్కకు జరిపి చేసినవి వేసి, రెండు చక్రాలనూ పైభాగంలో లోపలికి ఒకటింపావు డిగ్రీ వాల్చాను. టో, అంటే చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మళ్లీ సరిచేసి, లేజర్ పెట్టి ఇంకోసారి చూశాను. అర అంగుళమే.

నిన్న మళ్లీ క్రెసన్ వెళ్లాం. అదే టైరు, అదే గాలి, అన్నీ అంతే. 188, 182, 176. ఆరో ల్యాప్ దాకా ముందు పట్టు వదల్లేదు. ఇప్పుడు జారేది వెనక, అదీ నా కాలు తొందరపడితేనే.

సాయంత్రం పిట్ నుంచే పెదనాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లవారుజాము, అప్పుడే లేచారు. ఫోన్‌ను వెనక చక్రం కింద పెట్టమన్నారు. వాట్స్ లింక్ వైపు చాలాసేపు చూశారు.

"ఆ మధ్య ముక్కకు గ్రీజు ఎక్కడినుంచి కొడుతున్నావురా?"

గ్రీజు కొట్టే నిప్పిల్ పెట్టలేదు. వచ్చే శనివారం విప్పి, లాత్ మీద పెట్టి, గ్రీజు రంధ్రం వేయాలి.